టీషర్టు రంగులు: అచ్చుకు ముందే తేలవలసిన లెక్క

సంస్థాపక దినోత్సవానికి ఒక నడక, మార్చి 4వ తేదీన జాతీయ భద్రతా దినోత్సవానికి ఒక ఊరేగింపు, అక్టోబరు చివరలో విజిలెన్స్ అవగాహన వారోత్సవానికి ఒక పరుగు, ఆపైన అంతర్విభాగ క్రీడలు. ఏ ప్రభుత్వ రంగ సంస్థలోనైనా ఏడాదికి మూడు నాలుగు పర్యాయాలు టీషర్టులు పంచవలసిన సందర్భం వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ ఒక కమిటీ ఏర్పడుతుంది. ఆ కమిటీలో జరిగే చర్చలో ముప్పాతిక వంతు రంగును గురించే. ఒకరికి నలుపు హుందాగా తోస్తుంది. మరొకరికి ఎరుపు ఉత్సాహకరంగా కనిపిస్తుంది. చివరకు పెద్దవారి మాట నెగ్గుతుంది. అటుపిమ్మట కంప్యూటరులో ఒక అందమైన బొమ్మ తయారవుతుంది. అచ్చువేసే మనిషికి కబురు వెళ్లేది అన్నిటికన్నా చివర. అప్పటికి ధర చెప్పడం తప్ప అతడు చెప్పదగినదేమీ మిగిలి ఉండదు.

ఈ వరుస తలకిందులుగా ఉన్నదని మా అభిప్రాయం. చొక్కా ఎన్ని ఉతుకులకు నిలుస్తుంది, దాని మీద సంస్థ పేరు దూరం నుంచి చదవడానికి వీలవుతుందా, ఎండలో వేసుకున్నవారికి ఒళ్లు ఉడికిపోకుండా ఉంటుందా, మొత్తం మీద ఎంత ఖర్చవుతుంది అనే ప్రశ్నలన్నిటికీ సమాధానం రంగులను ఎన్నుకున్న రోజుననే నిర్ణయమైపోతుంది. డబ్బు రిక్రియేషన్ క్లబ్బుదైనా, సంక్షేమ నిధిదైనా మనందరిదే. కనుక ఈ నెల శీర్షికను స్క్రీన్ ప్రింటింగు రంగులకు కేటాయిస్తున్నాము.

స్క్రీన్ ప్రింటింగు మన పట్టణాలకు కొత్త విద్య కాదు. శుభలేఖలు, విజిటింగు కార్డులు, గుడ్డ బ్యానర్లు అచ్చువేసే చిన్న అంగడి ప్రతి ఊరి బజారులోనూ ఉన్నదే. చట్రానికి బిగించిన సన్నని వల ఇందులో ముఖ్య సాధనం. పూర్వం ఈ వల పట్టుతో నేసినది కాబట్టి సిల్కు స్క్రీను అనే పేరు వచ్చింది. ఇప్పుడు వాడేది పాలిస్టరు. ఆ వలకు ఎమల్షను పూసి, ఆరబెట్టి, నల్లని బొమ్మ ఉన్న ఫిల్మును దానికి ఆనించి వెలుతురు పట్టిస్తారు. వెలుతురు సోకిన చోట ఎమల్షను గట్టిపడుతుంది. నలుపు అడ్డుపడిన చోట మెత్తగా ఉండి, నీళ్లతో కడిగితే పోతుంది. అలా తెరుచుకున్న వల కన్నాల గుండా ఇంకును రబ్బరు స్క్వీజీతో లాగితే కింద పరచిన గుడ్డ మీద బొమ్మ దిగుతుంది.

ఒక స్క్రీను ఒక రంగును మాత్రమే దింపగలదు. డిజైనులో ఎన్ని రంగులుంటే అన్ని స్క్రీన్లు, అన్ని ఫిల్ములు, అన్ని లాగుళ్లు. ఈ సూత్రం మన పెడన కలంకారీ పనివారికి తరతరాలుగా తెలిసినదే. కరక్కాయ కషాయంలో తడిపిన గుడ్డ మీద, తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టి తీసిన ద్రావణంతో నలుపుకు ఒక చెక్క అచ్చు, పటికతో ఎరుపుకు మరొక అచ్చు అద్దుతారు. రంగు పెరిగితే అచ్చు పెరుగుతుంది, పని పెరుగుతుంది. అందుకే ఆ పాత నమూనాలలో రంగులు కొద్ది, గీత ఎక్కువ. అదే పెడనలో నేడు స్క్రీను మీద వేసిన నకళ్లు చెక్క అచ్చు పనికి పోటీగా తయారైనవి. అది వేరే బాధ. దానిని మరొకసారి విచారించవచ్చు.

ఖర్చు సంగతి చూద్దాం. ఒక్కొక్క స్క్రీను తయారీకీ అమరికకూ కలిపి 500 రూపాయలు అవుతుందనుకుందాం. ఊరిని బట్టి, అంగడిని బట్టి ఈ అంకె మారుతుంది. అయిదు రంగుల డిజైనుకు 2,500 రూపాయలు. 500 చొక్కాలు వేయిస్తే చొక్కాకు 5 రూపాయలు పడుతుంది, ఎవరికీ భారం కాదు. అదే డిజైనును 25 మంది వాలీబాలు జట్టుకు వేయిస్తే చొక్కాకు 100 రూపాయలు. గుడ్డ ధర, ఇంకు ధర, కూలి ఇంకా కలపనే లేదు. ఒకే రంగుతో సరిపెట్టుకుంటే ఆ 25 మందికి తలా 20 రూపాయలే. కాబట్టి తక్కువ చొక్కాలకు తక్కువ రంగులు అనేది మొదటి నియమం. అయిదారు రంగులు తప్పనిసరి, చొక్కాలు మాత్రం పాతికే అన్నప్పుడు స్క్రీన్ ప్రింటింగును వదిలి, ఫిల్ము మీద డిజిటల్ పద్ధతిలో అచ్చువేసి వేడితో గుడ్డకు అంటించే డి.టి.ఎఫ్. పద్ధతికి వెళ్లడమే మేలు. అందులో రంగుల సంఖ్యతో నిమిత్తం లేదు.

ఇంతకన్నా మరుగున ఉండే ఖర్చు గుడ్డ రంగులో ఉన్నది. ఇంకులు చాలావరకు పూర్తిగా కప్పివేసేవి కావు; అడుగు రంగు కొంత పైకి తేలుతుంది. తెల్లగుడ్డ మీద నిమ్మపండులా మెరిసే పసుపు, లేత నీలం మీద వేస్తే పచ్చదనానికి తిరుగుతుంది. ఎరుపు మీద నారింజ ఛాయ పోతుంది. నలుపు మీద వేస్తే మాసిన మరకలా మిగులుతుంది. ఈ దోషం రాకుండా ముదురు గుడ్డల మీద ముందుగా బొమ్మ మేరకు తెల్ల ఇంకు వేసి, దానిని వేడితో పైపైన ఆరనిచ్చి, ఆ తెలుపు మీద అసలు రంగులను దింపుతారు. దీనిని తెల్ల బేసు అంటారు. అంటే తెల్లచొక్కా మీద నాలుగు స్క్రీన్లతో అయ్యే పని నల్లచొక్కా మీద అయిదు స్క్రీన్ల పని. మధ్యలో ఆరబెట్టే సమయం అదనం.

కొటేషన్లలో చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడనే. ఇద్దరు ముద్రాపకులు ధరలు పంపుతారు. ఒకరు తెల్ల బేసుతో కలిపి లెక్క వేస్తారు. మరొకరు అది లేకుండా వేస్తారు. మన విచారణ పత్రంలో ‘నేవీ బ్లూ టీషర్టు, నాలుగు రంగుల లోగో’ అని మాత్రమే ఉంటుంది. నిబంధనల ప్రకారం తక్కువ ధరవారికి ఆర్డరు వెళుతుంది. సరుకు వచ్చాక లోగోలోని పసుపు ఆవపిండి రంగులో కనిపిస్తే ముద్రాపకుని మీద కోపగిస్తాము. అతడు మనం అడిగినదే ఇచ్చాడు. ఆ రెండు కొటేషన్లూ ఒకే వస్తువుకు వచ్చినవి కావు. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడమే పొరపాటు. విచారణ పత్రంలో గుడ్డ రంగు, గుడ్డలో నూలు ఎంత పాలిస్టరు ఎంత, ఇంకు రంగుల సంఖ్య, తెల్ల బేసు కావాలా వద్దా, అచ్చు కొలత, ఇంకు రకం రాయడానికి అర పేజీ చాలు. ఆ అర పేజీ రాసిన చోట తక్కువ ధర నిజంగా తక్కువ ధర అవుతుంది.

తెల్ల బేసుకు మరొక ఇబ్బంది ఉన్నది, అది వేసుకున్నవారికి తెలుస్తుంది. మందమైన ఇంకు పొర, దాని మీద మరొక పొర కలిసి గుండె మీద రెక్సిను ముక్క కుట్టినట్లు ఉంటుంది. ఆ భాగంలో గాలి ఆడదు, చెమట ఆరదు. రామగుండంలోనో, విజయవాడలోనో ఏప్రిల్ నెల ఉదయపు నడకకు నల్లచొక్కా మీద అడుగు వెడల్పు బొమ్మ వేయించిన వారు ఒక్కసారి ఆ చొక్కా తొడుక్కుని కిలోమీటరు నడిచి చూడాలని మా కోరిక. ముదురు గుడ్డ ఎండవేడిని ఎక్కువగా పీల్చుకుంటుందన్నది సరేసరి.

ముదురు రంగే కావాలనుకుంటే ఒక మంచి ఉపాయం ఉన్నది. గుడ్డ రంగునే డిజైనులో ఒక రంగుగా వాడుకోవడం. నేవీ బ్లూ చొక్కా మీద తెల్లని చక్రం వేసి, చక్రంలోని అక్షరాలను ఇంకు పడకుండా ఖాళీగా వదిలితే అక్షరాలు నీలంగా కనిపిస్తాయి. స్క్రీను ఒకటే, కంటికి రంగులు రెండు. పైగా రెండు స్క్రీన్లను ఒకదానితో ఒకటి సరిగ్గా కుదర్చవలసిన అవస్థ లేదు. రెండు రంగులు అంచుకు అంచు తగిలే డిజైనులో స్క్రీను వెంట్రుకవాసి జరిగినా మధ్యలో గుడ్డ తొంగిచూస్తుంది. అందుకే అనుభవజ్ఞులు ముదురు రంగును లేత రంగు మీదికి కొద్దిగా ఎక్కించి వేస్తారు. ఒకే ఇంకుతో అయ్యే పనికి ఆ బెడదే లేదు. మంచి డిజైనరు ఎవరని మమ్మల్ని అడిగితే, గుడ్డను ఖాళీగా వదలడం తెలిసినవాడని చెబుతాము.

చదువడానికి వీలు అన్నది రంగుల పేర్లను బట్టి ఉండదు, వాటి ముదురు లేతల తేడాను బట్టి ఉంటుంది. ఆకుపచ్చ చొక్కా మీద ఎర్రని అక్షరాలు బొత్తిగా వేరువేరు రంగులే. కాని రెండూ ఒకే మోతాదులో ముదురైతే అక్షరాల అంచులు కంటికి కదలాడుతున్నట్లుంటాయి, దూరం నుంచి అసలే కనిపించవు. ఎరుపు ఆకుపచ్చల భేదం గుర్తించలేని దృష్టిలోపం పురుషులలో అరుదైనదేమీ కాదు. వారికి ఆ చొక్కా మీద ఏమీ రాసినట్లే ఉండదు. దీనికి పరీక్ష చాలా సులభం. డిజైనును నలుపు తెలుపులో జిరాక్సు తీయించండి, లేదా ఫోనులో దాని ఫోటోను నలుపు తెలుపుకు మార్చి చూడండి. అక్షరాలు స్పష్టంగా నిలిస్తే ఆ రంగుల జత మంచిది. బూడిదలో బూడిద కలిసినట్లుంటే మార్చుకోవాలి.

భద్రతా వారోత్సవాలకు మెరిసే ఫ్లోరసెంటు పసుపు, నారింజ చొక్కాలు పంచడం ఆనవాయితీ అయింది. అవి దూరానికి కనబడే మాట నిజమే. అయితే ఫ్లోరసెంటు రంగులు ఎండకు త్వరగా వెలిసిపోతాయి. వారోత్సవానికి పంచిన చొక్కాను పని స్థలంలో వేసుకునే ప్రామాణిక రిఫ్లెక్టివ్ జాకెట్టుకు బదులుగా ఎవరూ భావించరాదు. ఆ జాకెట్టు మీద సైతం పెద్ద లోగో అచ్చువేసి మెరిసే భాగాన్ని కప్పివేయడం దాని ప్రయోజనాన్ని కొంత తీసివేయడమే.

ఇక కంప్యూటరులో చూసిన రంగుకూ గుడ్డ మీది రంగుకూ పొత్తు కుదరదు. కంప్యూటరు తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు కలిసి రంగు పుడుతుంది. ఇంకు వెలుతురులో కొంత పీల్చుకుని మిగిలినది తిప్పికొడుతుంది. ఫోనుకు వచ్చిన బొమ్మను చూసి ‘సరే’ అనడం వల్ల వచ్చే తగాదాలు అన్నీ ఇన్నీ కావు. సంస్థ లోగోకు సాధారణంగా పాంటోన్ సంఖ్య నిర్ణయమై ఉంటుంది. 1963లో మొదలైన ఆ రంగుల పుస్తకం ఇప్పటికీ ముద్రాపకుల ఉమ్మడి భాష. ఆ సంఖ్య చెప్పి, అదే గుడ్డ మీద ఒక నమూనా అచ్చు అడగాలి. నమూనాను ట్యూబులైటు కింద చూసి ఊరుకోకూడదు. చీర కొనేటప్పుడు మన ఇంటి ఆడవారు దానిని అంగడి గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూస్తారు. వెనుక నిలబడిన మగవారు విసుక్కుంటారు గాని ఆ పని నూటికి నూరుపాళ్లు శాస్త్రీయం. ఒక వెలుతురులో ఒకేలా కనిపించిన రెండు రంగులు మరొక వెలుతురులో వేరుగా కనిపించడం రంగుల శాస్త్రంలో పేరున్న సంగతే. కమిటీలో ఒక గృహిణిని సభ్యురాలిగా చేర్చుకుంటే మంచిదని మా సూచన.

గుడ్డ జాతి మరొక ముఖ్య విషయం. చెమటకు త్వరగా ఆరుతుందని ఇటీవల పాలిస్టరు చొక్కాలకు మొగ్గు పెరిగింది. పాలిస్టరుకు అద్దే రంగులు వేడికి ఆవిరై పైకి వచ్చే స్వభావం కలవి. అచ్చువేసిన ప్లాస్టిసాల్ ఇంకు గాలికి ఆరదు; పొర మొత్తానికి సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేనే పక్వమవుతుంది. ఆ వేడికి గుడ్డలోని రంగు కదిలి తెల్ల ఇంకులోకి ఎక్కుతుంది. మాకు తెలిసిన ఒక టౌన్‌షిప్పులో ఎర్ర పాలిస్టరు చొక్కాల మీద తెల్లని అక్షరాలు వేయించారు. సరుకు దిగిన రోజున అక్షరాలు మల్లెపూవుల్లా ఉన్నవి. స్టోర్సువారు పరీక్షించి సంతకం చేశారు. వారం తరువాత పంపిణీకి పెట్టెలు తెరిస్తే అన్నీ గులాబీ రంగు. ముద్రాపకుడు తాను తెల్లగానే ఇచ్చానని వాదించాడు, అది అబద్ధమూ కాదు. రంగు ఎక్కడం రోజుల తరబడి సాగుతుంది. ఎరుపు, మెరూను పాలిస్టరుల మీద ఈ ప్రమాదం ఎక్కువ. తక్కువ వేడికి పక్వమయ్యే ఇంకు వాడాలి, లేదా తెలుపు కింద రంగును అడ్డుకునే బూడిదరంగు బేసు వేయించాలి. అన్నిటికన్నా తేలిక మార్గం అక్షరాలకు నలుపును ఎన్నుకోవడమో, నూలు చొక్కా తీసుకోవడమో.

నూలు గుడ్డకు ఉన్న సౌకర్యం డిశ్చార్జి పద్ధతి. ఇందులో రసాయనం గుడ్డలోని రంగును తీసివేసి ఆ చోట కొత్త రంగును నిలుపుతుంది. ముదురు చొక్కా మీద కూడా బొమ్మ చేతికి తగలనంత మెత్తగా వస్తుంది. అయితే అన్ని అద్దకాలూ దీనికి లొంగవు. నెమలికంఠపు నీలి ఛాయలు మొండికేస్తాయి. ఆ రసాయనం వాసన ఘాటైనది, గాలి వెలుతురు లేని గదిలో పనివారి చేత చేయించదగినది కాదు. తొడిగే ముందు ఒకసారి ఉతకడం తప్పనిసరి. పసిపిల్లల చొక్కాల విషయంలో ప్లాస్టిసాల్ ఇంకు ఫ్తాలేట్లు లేనిదిగా ఉండాలని అడగడం, లేదా నీటి ఆధారపు ఇంకు కోరడం మంచిది.

ముదురు గుడ్డను గురించి ఇంకొక మాట చెప్పక తప్పదు. మనం కొనే బనియను గుడ్డలో అధికభాగం వచ్చేది తమిళనాడులోని తిరుప్పూరు నుంచి. నూలుకు ముదురు రంగు అద్దాలంటే రంగూ ఎక్కువ కావాలి, అది పట్టడానికి ఉప్పూ ఎక్కువ కావాలి. ఆ ఉప్పునీరు నొయ్యల్ నదిలో కలిసి, దిగువన ఒరత్తుపాళయం జలాశయం సాగుకు పనికిరాకుండా పోయింది. రైతులు న్యాయస్థానానికి వెళ్లారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు 700కు పైగా అద్దకపు, చలువ యూనిట్లను మూయించింది. తరువాత ఒక్క చుక్క మురుగునీరు బయటకు వదలని శుద్ధి కేంద్రాలతోనే అక్కడి పని తిరిగి నిలదొక్కుకున్నది. తెలుపుకు చలువ చేయడానికీ నీరు కావాలి. అది దోషరహితమని మేము అనడం లేదు. కాని రెండు రంగులలో ఏది అన్న సందేహం వచ్చినప్పుడు లేత రంగు వైపు మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం. స్క్రీను తక్కువ, వేడి తక్కువ, ఉప్పూ తక్కువ.

స్వాతంత్ర్య దినోత్సవపు చొక్కాలు వేయించేవారు ఒక చట్టాన్ని గుర్తుంచుకోవాలి. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టానికి 2005లో జరిగిన సవరణ ప్రకారం జాతీయ పతాకాన్ని దిండ్లు, చేతిరుమాళ్లు, లోదుస్తులు, దుస్తుల గుడ్డ మీద అచ్చువేయడం గాని కుట్టడం గాని నిషిద్ధం. కేసరి, తెలుపు, ఆకుపచ్చ రంగులు కలవడమే నేరం కాదు. అశోకచక్రంతో కూడిన పతాకాన్ని చొక్కా మీద దింపరాదు. పని ప్రభుత్వ రంగ సంస్థది కాబట్టి ఈ జాగ్రత్త మనకు మరింత అవసరం.

సరుకు చేతికి వచ్చాక రెండు పరీక్షలు చేయవచ్చు. అచ్చును రెండు చేతులతో మెల్లగా సాగదీయండి. పక్వమైన ఇంకు సాగి తిరిగి సర్దుకుంటుంది, కానిది నెర్రెలు విచ్చుతుంది. తెల్ల ఇంకును ప్రత్యేకంగా చూడాలి. ఎర్రగా కాగే హీటరు కింద నల్ల ఇంకు వేడిని ఇట్టే పీల్చుకుంటుంది. తెలుపు తిప్పికొట్టి ఆలస్యంగా పక్వమవుతుంది. రెండూ ఒకే వేగంతో నడిపించిన చోట తెల్ల అక్షరాలే ముందు రాలుతాయి. తరువాత ఒక చొక్కాను అయిదుసార్లు ఉతికించి చూడండి. బంగారు పొడి ఇంకులు శుభలేఖ మీద ఉన్నంత కాలం చొక్కా మీద మెరవవు. ఇంట్లో ఉతికేటప్పుడు చొక్కాను లోపలివైపు తిప్పి ఉతకాలి. ఇస్త్రీ పెట్టె అచ్చు మీదికి రాకూడదు.

మన టౌన్‌షిప్పు పాఠశాలలో చదివే పిల్లవాని తల్లి ఒకరు మాకు రాశారు. పాఠశాలలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అని నాలుగు హౌసులు. ఒక్కొక్క హౌసుకు 40 చొక్కాలు. నాలుగింటి మీదా పాఠశాల చిహ్నం రావాలి. నాలుగు డిజైన్లు, నాలుగు ఖర్చులు అవుతాయా అని వారి ప్రశ్న. కానవసరం లేదు. చిహ్నాన్ని ఒకే రంగులో గీయించి ఒకే స్క్రీను తయారు చేయిస్తే 160 చొక్కాలకూ అదే చాలు. ముందుగా పసుపు చొక్కాలు 40 ముదురు నీలం ఇంకుతో వేయించి, స్క్రీనును శుభ్రంగా తుడిచి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చొక్కాలు 120 తెల్ల ఇంకుతో రెండు లాగుళ్లు వేయించవచ్చు. పసుపు మీద తెలుపు వద్దు, పది అడుగుల అవతల కనిపించదు. చొక్కాలు నూలువి అయి ఉండాలి. కాకపోతే ఎర్ర హౌసు పిల్లల చిహ్నం క్రీడోత్సవం నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది.